జాక్సన్ హైట్స్‌లో పాతకాలపు కో-ఆప్ ఇల్లు కొనవచ్చా?

న్యూయార్క్‌లోని జాక్సన్ హైట్స్‌లో 1920ల నాటి భవనంలో రెండు పడకగదుల కో-ఆప్ (సహకార పద్ధతి) ఇల్లు అమ్మకానికి ఉందని, చూడగానే ఇంటిల్లిపాదీ మనసు పారేసుకున్నారని, కొనవచ్చా అని అడుగుతూ మీరు రాశారు. ఆ పేటలో, అలాంటి భవనంలోనే మేమూ ఉంటున్నాం.

మనసు పారేసుకోవడంలో వింతేమీ లేదు. మందమైన గోడలు, చెక్క నేల, ఎత్తైన కప్పు, భవనాల నడుమ దాగిన తోటవైపు తెరుచుకునే కిటికీలు. 7వ నంబరు రైలు 1917లో ఇక్కడికి వచ్చాక క్వీన్స్‌బరో కార్పొరేషన్ అనే నిర్మాణ సంస్థ ఇలాంటివి వరసగా కట్టించింది. అప్పట్లో యూదులకు, నల్లజాతివారికి ఇక్కడ ఇళ్లు ఇచ్చేవారు కాదు. ఇప్పుడు 74వ వీధిలో కరివేపాకు కొనుక్కుని తీరిగ్గా ఇంటికి నడుస్తుంటే నాకు కాస్త తృప్తిగానే ఉంటుంది, దాచుకోవడమెందుకు.

అయితే కో-ఆప్‌లో మీ చేతికొచ్చేది ఇంటి రిజిస్ట్రేషన్ కాదు. భవనం సొంతదారైన సంస్థలో వాటాలు, వాటితోపాటు ఆ ఇంట్లో ఉండే లీజు. అందుకే నేనైతే కప్పు ఎత్తుకన్నా ముందు ఆ సంస్థ లెక్కలు చూస్తాను. నిల్వ నిధి ఎంత, భవనం మీద అప్పు ఎంత, పైకప్పు, బాయిలరు ఎప్పుడు మార్చారు? నిధి చాలకపోతే నెలనెలా కట్టే మెయింటెనెన్స్ పెరుగుతుంది, లేదా వాటాల లెక్కన అందరి దగ్గరా అదనంగా వసూలు చేస్తారు.

మా భవనంలో ఒకసారి గ్యాసు లీకు బయటపడింది. గొట్టాలన్నీ పరీక్షించి, నగరం తనిఖీ పూర్తయ్యేదాకా మొత్తం భవనానికి గ్యాసు ఆపేశారు. నెలల తరబడి పప్పు నుంచి పులుసు దాకా అన్నీ కరెంటు పొయ్యి మీదే. పండక్కి బూరెలు వండడం ఎంత యాతనో మా ఆవిడనే అడగాలి! కాబట్టి గొట్టాలు, వైరింగు ఏ కాలం నాటివో తప్పకుండా అడగండి.

ఈ పేటలో చాలా భాగం 1993 నుంచి చారిత్రక ప్రాంతం. కిటికీలు మార్చాలన్నా పాత కట్టడాలను కాపాడే నగర సంస్థ లాండ్‌మార్క్స్ కమిషన్ అనుమతి కావాలి. చలికాలంలో ఇంటిని వెచ్చబరిచేవి ఆవిరి రేడియేటర్లు, వాటి మీద మీ అదుపు తక్కువ. ఆ వేడికి మాకు జనవరిలోనూ కిటికీ కొద్దిగా తెరిచే ఉంటుంది. ఇంట్లో వాషింగ్ మెషీన్ పెట్టనివ్వని భవనాలు చాలా ఉన్నాయి.

మనవాళ్లు అడగడం మరిచిపోయేవి రెండున్నాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఆరు నెలలు ఉంటే అతిథుల నియమాలు ఒప్పుకుంటాయా? రేపు ఉద్యోగరీత్యా వేరే ఊరు వెళితే ఇల్లు అద్దెకివ్వవచ్చా, ఇస్తే ఎన్నేళ్లు? మా భవనంలో రెండోదానికి గట్టి పరిమితి ఉంది.

భవనాన్ని నడిపే బోర్డు ఒప్పుకుంటేనే కొనగలరు. ఆ బోర్డు ఇంటర్వ్యూకి భయపడకండి, అంతకుముందే మీ జీతం, పన్ను కాగితాలు, బ్యాంకు నిల్వలు అన్నీ వాళ్లు చదివేసి ఉంటారు. మీరూ వాళ్లవి చదవాలి. బోర్డు సమావేశాల మినిట్స్ (చర్చలు రాసిపెట్టిన పుస్తకం) మీ లాయరు వెళ్లి చూడవచ్చు; లీకులు, గొడవలు, రాబోయే ఖర్చులు అన్నీ అందులోనే ఉంటాయి. అవి చూడకుండా సంతకం పెట్టమంటే లాయరును మార్చండి.