సభకు పోతున్నావు సరే, ఖాళీ చేతులతో పోకు

అమ్మాయీ,

విజయవాడలో జరిగే కోర్టు ఉద్యోగుల సభకు మీ కోర్టు నుంచి నీ పేరు ఇచ్చారంట, సంతోషం. ఏం చీర కట్టుకోవాలి, మైకు ఇస్తే ఏం మాట్లాడాలి అని టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. చీర సంగతి ఆమే చూసుకుంటుంది, మైకు నీదాకా రాదు. మిగతావి నేను చెప్తా.

ముందు పర్మిషన్. ఇట్టాంటివి మామూలుగా రెండో శనివారం, ఆదివారం కలిసొచ్చేట్టు పెడతారు కాబట్టి ‘సెలవే కదా’ అని చెప్పాపెట్టకుండా బయల్దేరతారు మనవాళ్లు. సెలవు రోజైనా హెడ్‌క్వార్టర్స్ వదిలి వెళ్లాలంటే కాగితం పెట్టాల్సిందే, జడ్జి గారి సంతకం అయ్యాకే టికెట్ తీసుకో. శుక్రవారం సాయంత్రం కేసు కట్టలన్నీ సెక్షన్‌కి చేర్చి, సోమవారం వాయిదాలవి విడిగా తీసిపెట్టి, బీరువా తాళాలు ఎవరికిచ్చావో రాసి సంతకం పెట్టించుకొని మరీ కదులు. నోటిమాట మీద తాళాలిచ్చి వెళ్లి, తిరిగొచ్చాక ఒక ఒరిజినల్ దస్తావేజు కనపడక నిద్రాహారాలు మానుకున్న మనిషిని నేను చూశాను.

ఇక అసలు సంగతి. నీ సీట్లో నిన్ను బాగా ఏడిపించే పని ఒకటి పట్టుకెళ్లు. నువ్వే అంటుంటావు కదా, జడ్జి గారు కేసు కట్టలోని డాకెట్ కాగితం మీద వాయిదా రాస్తారు, ఎ డైరీ అనే కోర్టు రిజిస్టర్లో ఎక్కుతుంది, పొద్దుగూకాక హడావిడిగా సీఐఎస్‌లో, అదే కేసుల వివరాలుండే కంప్యూటర్లో, ఎక్కించేటప్పుడు నాలుగు కేసులు జారిపోతాయి అని. తెల్లారేసరికి అవి తేదీ లేని కేసుల్లో తేలతాయి, పైనుంచి మెమో వస్తుంది. మెమో సంగతి అట్టా ఉంచు, కలిగిరి నుంచి బస్సెక్కొచ్చిన ముసలాయన మనవడి ఫోన్‌లో ఏ తేదీ కనపడక వరండాలో కూర్చొని ఉంటాడే, ఆయనకి ఏం చెప్తాం? నీకంటే ఎక్కువ కేసులున్న కోర్టులో బెంచి క్లర్కుని పట్టుకొని అడుగు: బెంచి మీదే ఎక్కిస్తారా, సాయంత్రమా? ఎవరు సరిచూస్తారు? జడ్జి గారు సెలవులో ఉన్న రోజు ఆ వాయిదాలన్నీ ఎవరు ఎక్కిస్తారు?

వేదిక మీద వాళ్లు కోర్టు పనుల్ని కంప్యూటర్లోకి తెచ్చే ఈ-కోర్ట్స్ పథకం మూడో దశ గురించి, దానికి 2023లో కేంద్రం ఒప్పుకున్న 7,210 కోట్ల గురించి చెప్తారు. వినాల్సిందే, పాత రికార్డులు స్కాన్ చేసే పని మన నెత్తిన పడేది అక్కణ్ణించే. కానీ కట్ట కుట్టు విప్పి, పొడిపొడిగా రాలే కాగితాన్ని స్కాన్ చేసి, పేజీ నంబరు తప్పకుండా మళ్లీ ఎవరు కుట్టాలనేది అక్కడ ఎవరూ చెప్పరు. అది భోజనాల దగ్గర తెలుస్తుంది. అందుకే కావలి, ఆత్మకూరు, గూడూరు వాళ్లంతా ఒకే బల్ల చుట్టూ చేరి బదిలీల కబుర్లు చెప్పుకుంటుంటే నువ్వు అక్కడ కూర్చోకు. ఆ కబుర్లు రైల్లో ఎటూ తప్పవు.

క్రిమినల్ వైపు పనిచేసేవాళ్లు దొరికితే వదలొద్దు. 2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ పోయి బీఎన్‌ఎస్‌ఎస్ లాంటి కొత్త క్రిమినల్ చట్టాలొచ్చాయి కదా, మనోవర్తి కేసు అంటే ఇంకా 125 సెక్షన్ అనే నోటికొస్తుంది, ఇప్పుడది 144. ముద్దాయికి కాపీలిచ్చే 207 ఇప్పుడు 230 అయింది, హాజరైన నాటి నుంచి 14 రోజులు దాటకూడదని గడువు కూడా పెట్టారు. కాగితాలు మరీ ఎక్కువైతే ఎలక్ట్రానిక్‌గా ఇవ్వొచ్చన్నారు. బాగానే ఉంది, మరి పెన్‌డ్రైవ్ ఇచ్చినప్పుడు రసీదులో ఏం రాయించుకుంటున్నారు? తెరిస్తే ఏమీ లేదని వాయిదా నాడు వకీలు గారు లేచి అంటే ఎవరు జవాబుదారీ? ఆ రసీదు నమూనా ఎవరి దగ్గరైనా ఉంటే ఒక కాపీ అడిగి తెచ్చుకో, సంచీలో వాళ్లిచ్చే డైరీ, పెన్నుకన్నా అదే పనికొస్తుంది.

శెట్టి కమిషన్ పేరు కూడా పదిసార్లు వినపడుతుంది. జడ్జీల జీతాల కోసం 1996లో వేసిన కమిషన్ అది, మన కోర్టు సిబ్బంది జీతాలూ చూసింది. తీర్మానాలకు చెయ్యెత్తేముందు కాగితం ఒకసారి చదువు, పక్కనవాళ్లు ఎత్తారని ఎత్తకు.

ఎవరో ఒకరు ‘మీ జడ్జి గారు ఎట్టాంటోరు?’ అని కదుపుతారు. ‘బాగా చూసుకుంటారండీ’ అని మంచినీళ్లు తాగు. నడుస్తున్న కేసు గురించి పేరు లేకుండా కూడా మాట్లాడొద్దు, ఆ హాల్లో సగం మందికి అది ఏ కేసో ఇట్టే తెలిసిపోతుంది.

సోమవారం రాగానే మాత్రం ‘అక్కడ అట్టా చేస్తున్నారు, మనమే వెనకబడ్డాం’ అని సూపరింటెండెంట్ గారి ముందు మొదలుపెట్టకు, ఆయనకి నచ్చదు, నాకూ నచ్చేది కాదు. నేర్చుకున్నది నెలపాటు నీ సీటు వరకే చేసి చూడు. తేదీ లేని కేసులు తగ్గాయంటే నెలవారీ స్టేట్‌మెంట్‌లో ఆయనకే కనపడుతుంది, ఎట్టా చేశావని పిలిచి అడుగుతారు. అప్పుడు చెప్పు.

మీ పెద్దమ్మ