జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్: రికార్డుపై 1970 ఎందుకుంది?

నమస్కారం. ‘జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్’ అనే రాక్ సంగీత నాటకం 1971లో మొదలైందని చదివిన మీరు, మీ దగ్గరున్న జంట రికార్డుపై 1970 అని చూసి అది నకలేమోనని అనుమానపడ్డారు. ఆ సంవత్సరం సరైనదే, ఎందుకంటే స్వరకర్త ఆండ్రూ లాయిడ్ వెబర్, గీత రచయిత టిమ్ రైస్ ఈ కృతిని ముందు రికార్డుగానే విడుదల చేశారు. న్యూయార్క్ బ్రాడ్‌వేలో ప్రదర్శన 1971 అక్టోబరులోనూ, లండన్‌లో 1972లోనూ ఆ తర్వాతే మొదలయ్యాయి. మీ రికార్డులో యేసుగా పాడినది డీప్ పర్పుల్ అనే రాక్ బృంద గాయకుడు ఇయాన్ గిలన్, యూదాగా పాడినది మరే హెడ్. బ్రాడ్‌వేలో ఆ పాత్రలను జెఫ్ ఫెన్‌హోల్ట్, బెన్ వెరీన్ ధరించారు కనుక, గొంతులు వేరుగా వినిపించడం సహజమే.

రాక్ ప్రభావం గిటార్ల హోరులోనే ఉందనుకోకండి. గెత్సేమనే తోటలోని ప్రార్థనలో గిలన్ గొంతు మెల్లగా మొదలై, పోనుపోను ఆక్రోశంగా మారి తారస్థాయికి ఎగసే తీరును ఒకసారి కళ్లు మూసుకుని వినండి. రంగస్థల గాయకుల నునుపైన గానానికి అది ఎంత దూరమో వెంటనే తెలుస్తుంది. మగ్దలేనే మరియ ఓదార్చే పాటకు చేత్తో తాళం వేస్తే ఆవృత్తానికి అయిదు మాత్రలు వస్తాయి, అంటే మన ఖండ చాపు లెక్క. దేవాలయ ఘట్టంలో ఏడు వస్తాయి. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగాలు ఇవే.

రంగస్థల గాయకులతో పోల్చి చూడాలనుకుంటే 1971 నాటి బ్రాడ్‌వే రికార్డు వేరుగా ఉంది, కానీ మీ 1970 ప్రతిని మాత్రం వదులుకోకండి.