ఇంజిన్ కూత సబ్‌వూఫర్‌లోకి ఎందుకొస్తోంది?

ప్రశ్న: కారులో సబ్‌వూఫర్, యాంప్లిఫయర్ పెట్టించాను. యాక్సిలరేటర్ తొక్కితే కూత పెరుగుతోంది. వాల్యూమ్ పెంచితే బాస్ పగులుతోంది. ఏం చేయాలి?

జవాబు: కూతకు మొదట అనుమానించాల్సింది ఎర్త్‌నే, అంటే యాంప్లిఫయర్ నుంచి కారు బాడీకి బిగించే నెగటివ్ వైరునే. బోల్టు కింద పెయింట్ ఉంటే పట్టు దొరకదు. ఇనుము మెరిసేదాకా గీకి, పవర్ వైరంత మందం వైరుతో, అరమీటరు లోపే బిగించండి. స్టీరియో నుంచి యాంప్లిఫయర్‌కు సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ కేబుల్‌ను పవర్ వైరుకు ఎదురు పక్కనుంచి లాగండి.

బాస్ పగలడం గెయిన్ తప్పు. గెయిన్ అంటే స్టీరియో సిగ్నల్‌కు యాంప్లిఫయర్‌ను సరిపెట్టే నాబ్, వాల్యూమ్ నాబ్ కాదండీ! సబ్‌వూఫర్ వైర్లు తీసి, బాస్ బూస్ట్ సున్నాకు తెచ్చి, స్టీరియోను ముప్పావు వాల్యూమ్‌లో ఉంచి 50 హెర్ట్జ్ టోన్ పెట్టండి. యాంప్లిఫయర్ స్పీకర్ టెర్మినళ్లకు మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల్లో పెట్టి, గెయిన్ మెల్లగా పెంచండి; 4 ఓమ్‌ల వద్ద 300 వాట్ల ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇచ్చే పవర్) కావాలంటే సుమారు 34.6 వోల్టులు చూపగానే పెంచడం ఆపండి. పై శబ్దాలను ఆపి బాస్‌నే పంపే లోపాస్ ఫిల్టర్ 80 హెర్ట్జ్ చాలు.

బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపు ఫ్యూజు ఉందా? లేకపోతే ముందు అది పెట్టించండి. వైరు ఒరిసిపోయి బాడీకి తగిలితే మంటలే.