గ్రూపులో నియమాలు పెడితే వదిన నొచ్చుకుంటారేమో!

ప్రశ్న: మతిమరుపు వ్యాధి ఉన్న తల్లిదండ్రులను ఇంట్లో చూసుకునేవారి కోసం నాలుగేళ్ల క్రితం వాట్సాప్‌లో గ్రూపు ప్రారంభించాను. పన్నెండు మందితో మొదలై మూడు వందలు దాటింది. ఈమధ్య ఒక సభ్యురాలు రాత్రి రెండు గంటలకు, "ఈ రోజు అమ్మ మీద చెయ్యి చేసుకున్నాను, నా మీద నాకే అసహ్యంగా ఉంది" అని రాశారు. మా అమ్మను చూసుకుంటున్న మా వదిన వెంటనే, "కన్నతల్లిని కొట్టేవాళ్లకు ఇక్కడ చోటెందుకు?" అన్నారు. తెల్లారేసరికి ఆ సభ్యురాలు గ్రూపు వదిలి వెళ్లిపోయారు. నియమాలు ఉండాలని కొందరు, అందరం ఒక కుటుంబంలా ఉంటున్నప్పుడు అవి దేనికని మరికొందరు అంటున్నారు. పెడితే తన కోసమే పెట్టానని వదిన నొచ్చుకుంటారు. ఏం చేయాలి?

సమాధానం: మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది మీ వదినగారి మాట కాదు, ఆ మాటకూ తెల్లవారడానికీ మధ్య సాగిన మౌనం. రోగికి నిద్ర లేని ఇంట్లో చూసుకునేవారికీ నిద్ర ఉండదు కనుక, మూడు వందల మందిలో కొందరైనా అప్పుడు మేలుకొనే ఉండి ఉంటారు, చదివే ఉంటారు. వారికి జాలి లేక ఊరుకున్నారని నేను అనుకోను. "అలా అనకండి" అని చెప్పే అధికారం తమకుందో లేదో తెలియక ఊరుకుని ఉంటారు. నియమం ఆ అధికారాన్ని అందరికీ ఇస్తుంది కనుక, మీ గ్రూపుకు అది తప్పకుండా కావాలి.

కుటుంబానికి నియమాలు ఉండవనడం కూడా నిజం కాదు. ఎదుటివారి ముఖం వాడిపోవడం చూసి మాట మింగేస్తాం, పెద్దవాళ్లు ఒక్క చూపు చూస్తే తగ్గుతాం. ఇంట్లో నియమాలు అలా పనిచేస్తాయి. తెర మీద ఆ ముఖమూ ఉండదు, ఆ చూపూ ఉండదు. ఎదుటివారు కనిపించనప్పుడు మనిషి మామూలుగా అనని మాటలు ఎందుకు అనేస్తాడో మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ సూలర్ 2004లో వివరించారు. విశేషమేమిటంటే, ఎవరికీ చెప్పుకోలేని బాధను అర్ధరాత్రి బయటపెట్టించేదీ, దాని మీద కఠినంగా తీర్పు చెప్పించేదీ అలా సంకోచం సడలడమే. మొదటిదాన్ని కాపాడుకోవాలంటే రెండోదానికి హద్దు పెట్టక తప్పదు.

నియమాలు చూసి జనం బెదిరిపోతారన్న భయం అక్కరలేదు. రెడిట్ అనే చర్చల వెబ్‌సైట్‌లోని ఒక పెద్ద సైన్స్ చర్చా వేదికపై పరిశోధకుడు నాథన్ మాథియాస్ జరిపిన ప్రయోగం 2019లో వెలువడింది. చర్చల పైభాగంలో నియమాలు కనిపించేలా ఉంచితే వాటిని పాటించే కొత్తవారు పెరగడమే కాక, కొత్తవారి పాల్గొనడం కూడా సగటున 70 శాతం పెరిగింది. ఎక్కడ ఏం మాట్లాడవచ్చో తెలిసినప్పుడు బిడియస్తులకు ధైర్యం వస్తుంది.

పెద్ద చిట్టా వద్దు, ఎవరూ చదవరు. గ్రూపులో చెప్పుకున్నది బయటకు పంపకూడదు, మందుల మోతాదులు వైద్యులే చెప్పాలి. ఈ రెండింటి మీద ఎవరికీ పేచీ ఉండదు. అసలైనది మూడోది: ఎవరైనా తమ తప్పు తామే చెప్పుకున్నప్పుడు తీర్పు చెప్పకూడదు, "ఇప్పుడు మీరిద్దరూ ఎలా ఉన్నారు?" అని ముందు అడగాలి. తల్లిని కొట్టడం తప్పే, ఆ తల్లి క్షేమమూ మనకు ముఖ్యమే. అందుకే ఆ కూతురు మన మాట వినిపించే దూరంలో ఉండాలి. ఆమె వెళ్లిపోయాక ఆ ఇంట్లో ఏం జరుగుతోందో తెలుసుకునే దారే మూసుకుపోయింది. ఈ రోజే ఆమెకు విడిగా రాయండి, వీలైతే మాట్లాడండి, కొన్నాళ్లు ఆమెకు తోడుగా చూసుకునే మనిషి దొరుకుతారేమో ఇద్దరూ కలిసి ఆలోచించండి.

నియమాలను మీరొక్కరే రాసి పెట్టేయకండి. అడవులు, మేత భూముల వంటి ఉమ్మడి వనరులను జనం ఎలా కాపాడుకుంటారో పరిశీలించి 2009లో నోబెల్ అందుకున్న ఎలినోర్ ఆస్ట్రమ్, పాటించవలసినవారే నియమాల తయారీలో పాలుపంచుకున్న చోట అవి నిలుస్తాయనీ, మొదటి తప్పుకు చిన్న హెచ్చరికతో సరిపెట్టి, మళ్లీ చేస్తే శిక్షను క్రమంగా పెంచడం మంచిదనీ చూపారు. ఆ లెక్కన మీ వదినగారిని తొలగించవలసిన పనే లేదు.

ఇక మీ వదినగారి సంగతి. గ్రూపులో ప్రకటించకముందే ఆవిడకు ఫోన్ చేసి, ఆ మూడో నియమాన్ని తన మాటల్లో రాసిపెట్టమని అడగండి. మీ అమ్మగారిని చూసుకుంటున్నది ఆవిడ. ఎన్ని రాత్రులు తన చెయ్యి లేవకుండా బిగబట్టుకున్నారో మీకూ తెలియదు, నాకూ తెలియదు. ఆ కఠినమైన మాటలో ఆ అలసట కూడా ఉందని నాకు అనిపిస్తోంది. నియమం గురించి మాట్లాడే ముందు, అమ్మగారిని కొన్నాళ్లు మీ దగ్గర ఉంచుకుంటానని చెప్పండి. ఎన్ని రోజులు ఉంచుకోగలరో ఇంట్లో మాట్లాడుకుని, ఆ తర్వాతే ఫోన్ చేయండి.