ఎఫ్9 నొక్కగానే లూప్ వస్తోంది, ఏ లింకు తీసేయాలి?

ప్రైమవేరాలో (పనుల షెడ్యూలు వేసే సాఫ్ట్‌వేర్) ఎఫ్9 నొక్కి షెడ్యూల్ చేయగానే సర్క్యులర్ రిలేషన్‌షిప్ అంటూ, అంటే పనులు చుట్టూ తిరిగి ఒకదాని కోసం ఒకటి ఆగిపోయాయంటూ, యాక్టివిటీల (పనుల) జాబితా వస్తోంది, ఏ లింకు (ఏ పని తర్వాత ఏదో చెప్పే బాణం) తీస్తే ఈ లూపు పోతుంది అని కదా మీరు అడిగింది. నిజానికి ఏది తీసినా పోతుంది. చిక్కంతా అక్కడే ఉంది, నిజంగా అవసరమైన లింకు తీసేసినా పోతుంది.

నేను అపార్ట్‌మెంట్ సైట్లలో ప్లానింగ్ చూస్తుంటాను. నాకు తగిలిన లూపుల్లో చాలావరకు తప్పుడు లింకుల వల్ల వచ్చినవి కావు, రెండు దఫాలుగా జరిగే పనిని ఒకే యాక్టివిటీగా రాసేయడం వల్ల వచ్చినవి.

శ్లాబే తీసుకోండి. సెంట్రింగ్ అయ్యాక కింది జాలి (స్టీల్ కడ్డీల వల) కడతారు. దాని మీద ఎలక్ట్రికల్ వాళ్ళు పైపులు పరుస్తారు. ఆ పైన పై జాలి, తర్వాత కాంక్రీటు. మా షెడ్యూల్లో మాత్రం "స్టీల్ కట్టడం" అని ఒకటే యాక్టివిటీ ఉండేది. స్టీల్ కట్టందే మేం దిగలేమని ఎలక్ట్రికల్ వాళ్ళు ఒక లింకు ఇచ్చారు. పైపులు పడందే మా పని పూర్తికాదని స్టీల్ వాళ్ళు ఇంకో లింకు ఇచ్చారు. ఇద్దరూ చెప్పింది నిజమే! స్టీల్‌ని కింది జాలి, పై జాలి అని విడగొట్టి మధ్యలో పైపుల పని పెట్టాక లూపు దానంతటదే పోయింది, ఒక్క లింకూ వదులుకోలేదు.

ఇంకో రకం చూడండి. ప్లాస్టరింగ్ మొదలయ్యాక టైల్స్ మొదలు కావాలని స్టార్ట్-టు-స్టార్ట్ ఇస్తాం. టైల్స్ అయ్యాకే ప్లాస్టరింగ్ ప్యాచ్‌లు ముగియాలని వెనక్కి ఫినిష్-టు-ఫినిష్ ఇస్తాం. ఒక్కో పని మొదలునీ ముగింపునీ వేర్వేరుగా గీసి చూస్తే ఇందులో చుట్టేమీ లేదు. అయినా సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. దానికి కనిపించేది ఇటు నుంచి అటు ఒక లింకు, అటు నుంచి ఇటు ఇంకొకటి, అంతే. ప్యాచ్ పనిని వేరే యాక్టివిటీ చేయండి.

మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ వాడేవాళ్ళకైతే ముందు సమ్మరీ టాస్కుల (కొన్ని పనులను ఒక పేరు కింద కలిపి చూపేవి) మీదే అనుమానం రావాలి. "ఫినిషింగ్" అనే సమ్మరీకి ప్లంబింగ్‌ని ప్రెడిసెసర్‌గా (ముందు జరగాల్సిన పనిగా) ఇస్తే, ఆ షరతు దాని కింద ఉన్న ప్రతి టాస్కుకీ వర్తిస్తుంది. వాటిలో ఏ ఒక్కటి ప్లంబింగ్‌కి ముందు ఉండాల్సి వచ్చినా చుట్టు పడుతుంది, బార్లు చూస్తే ఎక్కడుందో తెలియదు కూడా. సమ్మరీలకు లింకులు ఇవ్వకుండా ఒక మైల్‌స్టోన్ (వ్యవధి లేని గుర్తు) పెట్టుకోవడం మేలు.

కొంతమంది లింకు తీసేసి దాని స్థానంలో కన్‌స్ట్రెయింట్ తేదీ పెడతారు, అంటే పనిని ఒక తేదీకి కట్టేస్తారు. ఆ పని మాత్రం వద్దు. శ్లాబు వారం ఆలస్యమైనా దాని తర్వాతి పని పాత తేదీ దగ్గరే కూర్చుంటుంది.

ఫైలు కాపీ తీసుకుని, జాబితాలోని యాక్టివిటీలను వరసగా కాగితం మీద బాణాలతో గీయండి. ఒక్కో బాణం గురించి సైట్ ఇంజనీర్ని అడగండి, ఏ పనికి రెండు దఫాలున్నాయో ఆయనే చెప్పేస్తాడు. విడగొట్టాక మళ్ళీ ఎఫ్9 నొక్కి చూడండి, ఇంకో లూపు బయటపడినా కంగారుపడకండి. అప్పటికీ తేలకపోతే జాబితా ఇక్కడ పెట్టండి, చూస్తాను.