కుక్క లేకపోయినా మాంట్రోస్ బీచ్‌కి వెళ్లు

చెల్లీ, షికాగోలో మాట్లాడే మనిషి లేక పిచ్చెక్కుతోందని రాశావు. ఆఫీసువాళ్లు మాంట్రోస్ డాగ్ బీచ్‌లో, అంటే సరస్సు ఒడ్డున కుక్కల్ని వదిలి ఆడించే చోట, పిక్నిక్‌కి పిలిచారు, కుక్కలంటే భయం కాబట్టి మానేస్తానన్నావు. మానకు.

నేనూ అలాగే మానేసినదాన్నే. వచ్చిన కొత్తలో పక్క ఫ్లాట్ ఆవిడ తన లాబ్రడార్‌తో బీచ్‌కి బయల్దేరుతూ నన్నూ రమ్మనేది. ప్రతిసారీ ఏదో వంక చెప్పాను. చివరికి పిలవడం మానేసింది. ఆ చలికాలమంతా మా ఆయన ఆఫీసుకెళ్లాక అమ్మతో కాసేపు మాట్లాడేదాన్ని. అక్కడ రాత్రయి అమ్మ పడుకుందంటే, మళ్లీ తను లేచేసరికి ఇక్కడ సాయంత్రం. ఆ మధ్య గంటలు ఎలా గడిచాయో నాకే తెలుసు.

ఎండాకాలం రాగానే నేనే వెళ్లి ఆవిడ తలుపు కొట్టాను. బీచ్‌లో కుక్క ఎదురొచ్చేసరికి, మన వీధుల్లో అలవాటే కదా, పరుగెత్తాను. ఆటనుకుని అది వెంటపడింది. "కదలకు, చేతులు కిందికి దించు" అని ఆవిడ అరిచింది. నిలబడ్డాను. మోకాళ్లు వాసన చూసి, ఒళ్లు దులిపి, నా చుడీదార్ మొత్తం తడిపేసి పోయింది. అంతే!

ఇక్కడివాళ్లని జీతమెంత, పిల్లలెందరు అని అడగకూడదు. కుక్క పేరేంటి, వయసెంత అని అడుగు, అరగంట చెబుతారు. నాకున్న అమెరికన్ స్నేహితుల్లో సగంమంది అలా దొరికినవాళ్లే. మీ వయసువాళ్లకి అన్నీ ఫోన్లోనే అయిపోతాయి, ఇది మాత్రం ఫోన్లో అవ్వదమ్మా.

కుక్కని తెచ్చేవాళ్లకి పర్మిట్, ట్యాగ్ ఉండాలి. వివరాలు ఇక్కడి పార్కులు చూసుకునే షికాగో పార్క్ డిస్ట్రిక్ట్ సైట్లో చూసుకోవచ్చు. పక్కనున్న ఇసుకదిబ్బల్లోకి మాత్రం కుక్కల్ని పోనివ్వరు. పైపింగ్ ప్లవర్ అనే అరుదైన పిట్టలు 2019లో మాంట్రోస్‌లో గూడు పెట్టాయి.

తిండి కుక్కలున్న ఇసుకలో విప్పకు, వెనక గడ్డిమీద కూర్చోండి. ఉల్లి, వెల్లుల్లి, కిస్మిస్ కుక్కలకి విషం. నేను తెలియక ఉల్లిగారెల డబ్బా అక్కడే తెరిస్తే, ఆవిడ కంగారుపడి మూత పెట్టేసింది. నువ్వు పులిహోర చెయ్యి, పదిమందికి సరిపడా. రెడ్ లైన్ రైల్లో విల్సన్ స్టేషన్ దగ్గర దిగి తూర్పుకి నడిస్తే సరస్సు వచ్చేస్తుంది. కారు లేదన్న వంక చెప్పకు.