పానగల్లు మండపానికి ఏ లెన్సు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: నేను నల్లగొండలో ఉపాధ్యాయుణ్ని. నా దగ్గర ఏపీఎస్-సీ సెన్సర్ ఉన్న సోనీ మిర్రర్‌లెస్ కెమెరా, దానితోపాటు వచ్చిన 16–50 మి.మీ. కిట్ లెన్సు ఉన్నాయి. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయ మండపంలో ఎంత వెనక్కి జరిగినా వీపుకు స్తంభం తగులుతుందే గానీ గుడి ఫ్రేములో పట్టడం లేదు. పుట్టపాకలో గుంట మగ్గం ఉన్న గదిలోనూ ఇదే ఇబ్బంది. ఆటోఫోకస్ ఉన్న వైడ్ లెన్సులు నా స్తోమతకు మించినవి కనుక మాన్యువల్ లెన్సు కొనాలనుకుంటున్నాను. 9 మి.మీ. కొనమని ఒక మిత్రుడు, 12 చాలని మరొకరు అంటున్నారు. హైదరాబాదులో ఒక దుకాణదారు డీఎస్‌ఎల్‌ఆర్ కోసం చేసిన పాత 14 మి.మీ. లెన్సును అడాప్టరుతో కలిపి చవకగా ఇస్తానంటున్నాడు. చేత్తో ఫోకస్ చేయడం నాకు అలవాటు లేదు. దేవరకొండ కోట దగ్గర రాత్రి ఆకాశాన్ని కూడా తీయాలని ఉంది. ఏది తీసుకోమంటారు?

జవాబు: లెన్సుల పేర్లను కాసేపు పక్కన పెట్టి, ముందుగా మీరు ఫోటో తీయబోయే చోటును టేపుతో కొలవండి. మీ కెమెరాలో బొమ్మ పడే పలక, అంటే సెన్సర్, వెడల్పు 23.5 మిల్లీమీటర్లు. ఆ అంకెను లెన్సు ఫోకల్ లెంగ్తుతో, అంటే లెన్సు పేరులో ఉండే మి.మీ. అంకెతో భాగించి, ఎదుటి గోడ ఎంత దూరంలో ఉందో ఆ దూరంతో గుణిస్తే, ఆ గోడ ఎంత వెడల్పున ఫోటోలో పడుతుందో తెలిసిపోతుంది. గోడ 3 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. మీ కిట్ లెన్సు 16 దగ్గర 4.4 మీటర్ల వెడల్పును పడుతుంది, 14 మి.మీ. లెన్సు 5 మీటర్లను, 12 మి.మీ. లెన్సు 5.9 మీటర్లను, 9 మి.మీ. లెన్సు 7.8 మీటర్లను పడుతుంది.

ఈ లెక్కతోనే దుకాణదారు బేరం తేలిపోతుంది. 14 మి.మీ. అన్న అంకె మీ దానికంటే పెద్ద సెన్సర్ ఉండే పూర్తి ఫ్రేము కెమెరాలో చాలా వెడల్పైనదే అయినా, మీ సెన్సర్ మీద అది 21 మి.మీ. లెన్సులా పనిచేస్తుంది కనుక, మీ చేతిలో ఇప్పటికే ఉన్నదాని కంటే మూడు మీటర్ల దగ్గర మూరెడున్నర వెడల్పు కూడా అదనంగా రాదు. పైగా డీఎస్‌ఎల్‌ఆర్ 14 లెన్సుల్లో చాలావాటికి ముందు గాజు ఉబ్బెత్తుగా ఉండి ఫిల్టరు బిగించడానికి వీలుండదు, అడాప్టరు పొడవు, బరువు కూడా తోడవుతాయి. అది ఎపర్చర్ (వెలుతురు లోనికి వచ్చే రంధ్రం) మార్చే రింగు లేని లెన్సయితే మామూలు అడాప్టరుతో ఎపర్చర్ మార్చడమే కుదరదు. చవకగా వస్తోంది కదా అని ఆశపడకండి.

ఇక మిగిలినవి 9, 12. ఈ రెండు కొలతల్లోనూ పేరున్న మాన్యువల్ లెన్సులు మీ మౌంటుకు దొరుకుతాయి. శామ్యాంగ్ 12 మి.మీ. ఎఫ్/2 లెన్సు (ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ ఎపర్చర్ పెద్దది) చూసే కోణం సుమారు 99 డిగ్రీలు, ఫిల్టరు 67 మి.మీ. లావోవా 9 మి.మీ. ఎఫ్/2.8 లెన్సు కోణం 113 డిగ్రీలు, ఫిల్టరు 49 మి.మీ., బరువు 215 గ్రాములే. 9 చిన్నది, తేలికైనది, ఎక్కువ వెడల్పును పట్టేది. మీ మిత్రుడు దాని వైపు మొగ్గడంలో ఆశ్చర్యం లేదు. అయినా మీరు చెప్పిన మూడు పనులకూ నేను 12 నే సూచిస్తాను. ఎందుకో మగ్గం గది దగ్గర చూద్దాం.

నేతగాడు గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నాడు, పడుగు అతని ముందు నుంచి ఎదుటి గోడ దాకా సాగి ఉంది, మీరు పక్కగోడకు ఆనుకుని అతనికి 2 మీటర్ల దూరంలో ఉన్నారు. అక్కడ 12 మి.మీ. లెన్సు దాదాపు 3.9 మీటర్ల వెడల్పును పడుతుంది. మనిషి, మగ్గం, నాడె పట్టిన చేయి, పడుగులో చాలా భాగం అందులో ఇమిడిపోతాయి. 9 తో 5.2 మీటర్లు వస్తుంది. అంటే గోడకున్న క్యాలెండరు, మూలనున్న నీళ్ల బిందె, తలుపు చాటున నిలబడ్డ పిల్లవాడు కూడా వచ్చి, నేతగాడు మాత్రం ఫ్రేము మధ్యలో చిన్నబోతాడు. అతన్ని పెద్దగా చూపాలని మీరు దగ్గరకు జరిగితే ఇంకో చిక్కు ఎదురవుతుంది. గీతలను వంచకుండా నిటారుగా ఉంచే ఈ రకం లెన్సులు, అందుకు బదులుగా అంచుల్లో ఉన్న గుండ్రటి వస్తువులను పక్కకు సాగదీస్తాయి. 12 మి.మీ. ఫ్రేములో కుడి, ఎడమ అంచుల దగ్గర పడిన తల, దాని ఎత్తుతో పోలిస్తే సుమారు 1.4 రెట్లు వెడల్పుగా కనిపిస్తుంది. 9 లో అది 1.6 రెట్లు దాటుతుంది. తన ఫోటోలో ముఖం గుమ్మడికాయలా కనిపిస్తే ఎవరికైనా నొప్పిగానే ఉంటుంది. అందుచేత ఏ లెన్సు కొన్నా మనిషి ముఖాన్ని మధ్యకు చేర్చి, అంచులను పడుగు దారాలకు వదిలేయండి. తిన్నని దారం ఎంత సాగినా తిన్నగానే ఉంటుంది. ఫిష్‌ఐ లెన్సులో అవే దారాలు విల్లులా వంగిపోతాయి కనుక దాని జోలికి పోవద్దు.

పానగల్లు మండపంలో వచ్చే తేడా వేరు. అక్కడ మూడు గర్భగుడులకూ మధ్య మండపం ఒక్కటే, చుట్టూ స్తంభాలే. కెమెరాను పైకప్పు వైపు రవ్వంత ఎత్తినా స్తంభాలన్నీ లోపలికి ఒరిగిపోయినట్టు పడతాయి, లెన్సు వెడల్పు పెరిగేకొద్దీ ఆ ఒరుగుడు మరింతగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కెమెరాలోని డిజిటల్ లెవెల్ గేజీని తెర మీదకు తెచ్చుకుని, కెమెరాను నేలకు సమాంతరంగా ఉంచి తీయండి. పైకప్పు ఎక్కువగా కావాలంటే కెమెరాను ఎత్తకుండా నిలువుగా తిప్పి తీసి, కింద అనవసరంగా వచ్చిన నేలను తరువాత కత్తిరించుకోవచ్చు. ఈ గుడికి పేరు తెచ్చిన, గర్భగుడిలో రోజంతా కదలకుండా నిలిచే ఆ నీడ కోసమే వెళుతున్నట్లయితే, అర్చకులను అడిగి అనుమతి తీసుకున్న తరువాత, ఒక స్తంభం అంచు ఫ్రేములో ముందుగా వచ్చేలా, గర్భగుడి ద్వారం మధ్యన ఉండేలా నిలబడండి. వైడ్ లెన్సు దూరంలో ఉన్నదాన్ని బాగా చిన్నది చేస్తుంది కాబట్టి, ద్వారానికి మీరు అనుకున్న దానికంటే రెండడుగులు ముందుకు వెళితేనే ఆ నీడ కంటికి ఆనుతుంది.

చేత్తో ఫోకస్ చేయడం గురించి మీకున్న భయం ఇంత వెడల్పు లెన్సు దగ్గర అక్కర లేదు. 12 మి.మీ. లెన్సును ఎఫ్/8 దగ్గర ఉంచి, రెండు మూరల దూరానికి, అంటే 90 సెంటీమీటర్లకు ఫోకస్ పెడితే, మూరెడు దూరం నుంచి ఆకాశం అంచు దాకా అంతా ఆమోదయోగ్యమైన స్పష్టతతో వస్తుంది. పగటి పూట ఇక రింగును ముట్టుకోవలసిన పనే ఉండదు. ఆటోఫోకస్ గురి తప్పుతుందేమోనన్న బెంగ కూడా ఉండదు. మగ్గం గదిలో వెలుతురు చాలక ఎఫ్/2 దాకా తెరిచినా, 2 మీటర్లకు ఫోకస్ పెడితే దాదాపు 1.3 నుంచి 4.5 మీటర్ల వరకు స్పష్టత నిలుస్తుంది. అక్కడ మాత్రం, ఫోకస్ కుదిరిన అంచులకు తెర మీద రంగు పూసి చూపే ఫోకస్ పీకింగ్‌ను నమ్మకండి. వైడ్ లెన్సులో అన్నీ స్పష్టంగా ఉన్నట్టే రంగు గీతలు మెరుస్తుంటాయి. ఎపర్చర్‌ను పూర్తిగా తెరిచి, తెర మీద బొమ్మను పెద్దది చేసి, కంటి దగ్గర ఫోకస్ చేసి, తరువాత కావలసిన ఎపర్చర్‌కు తిప్పుకోండి.

రింగు మీద అచ్చువేసిన అనంతం గుర్తును కూడా నమ్మవద్దు. నేను మొదటి మాన్యువల్ వైడ్ లెన్సు కొన్న ఏడాది దేవరకొండ కోట కింద, అమావాస్య రాత్రి, రింగును ఆ గుర్తు దగ్గర నిలిపి గంటన్నర సేపు ఫోటోలు తీశాను. కెమెరా చిన్న తెర మీద అన్నీ బాగానే ఉన్నాయి. ఇంటికొచ్చి కంప్యూటరులో తెరిస్తే ప్రతి నక్షత్రమూ బొరుగు గింజంత ఉబ్బి కనిపించింది. ఆ లెన్సులో అసలైన అనంతం గుర్తుకు కాస్త ముందే ఉందని మరునాడు పగలు దూరపు కొండ మీద ఫోకస్ చేసి చూస్తే తెలిసింది. అక్కడ మా ఇంట్లోని గోళ్ల రంగుతో ఒక ఎర్రటి చుక్క పెట్టుకున్నాను, ఆ చుక్క ఇప్పటికీ ఉంది. మీరు లెన్సు కొన్న మొదటి రోజే ఆ పని చేసుకోండి. నక్షత్రాలకు 12 మి.మీ. దగ్గర 15 నుంచి 20 సెకన్లకు మించి షట్టరు తెరిచి ఉంచితే అవి చుక్కలుగా కాక చిన్న గీతలుగా పడతాయి. 9 లో ఇంకొన్ని సెకన్లు ఎక్కువ దొరుకుతాయి కానీ, ఎఫ్/2.8 కంటే ఎఫ్/2 సరిగ్గా రెట్టింపు వెలుతురును లోనికి రానిస్తుంది కనుక ఆ లాభం ఇక్కడ నిలవదు.

కెమెరాలో ముందుగా మార్చుకోవలసినవి రెండున్నాయి. ఇలాంటి మాన్యువల్ లెన్సుకు కెమెరాతో కలిపే విద్యుత్ స్పర్శలు ఉండవు కాబట్టి కెమెరాకు అసలు లెన్సు బిగించినట్టే తెలియదు. మెనూలో 'రిలీజ్ వితౌట్ లెన్స్' అన్నదాన్ని అనుమతించకపోతే షట్టరు పనిచేయకపోవచ్చు, లెన్సు పాడైందనుకుని దుకాణానికి పరుగెత్తినవారు నాకు తెలుసు. మీ కెమెరా బాడీలోనే స్టెబిలైజేషన్ ఉన్నట్లయితే ఫోకల్ లెంగ్తు 12 అని చేత్తో నమోదు చేయాలి. అక్కడ వేరే పెద్ద అంకె ఉండిపోతే, చేయి వణుకును సరిదిద్దే ఏర్పాటే ఫోటోను మసకబారుస్తుంది.

కొనేటప్పుడు డబ్బు చెల్లించే ముందే దుకాణం బయటికి వచ్చి, దూరంగా ఉన్న భవనం ఒకదాన్ని ఎఫ్/4 దగ్గర తీసి, నాలుగు మూలలనూ పెద్దవి చేసి చూడండి. నాలుగూ సమానంగా కొద్దిగా మెత్తగా ఉంటే అది ఆ లెన్సు స్వభావం. మూడు బాగుండి ఒక్క మూల మాత్రం చెదిరి ఉంటే లోపలి గాజు పక్కకు జరిగిందని అర్థం, అటువంటి లెన్సును తిరిగి ఇచ్చేసి మరొకటి అడగండి. వాడిన లెన్సు కొంటే ఈ పరీక్ష మరింత అవసరం.

ప్రశ్న: మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చెట్టు మొత్తం ఒక్క ఫోటోలో రావాలంటే ఎంత వైడ్ లెన్సు కావాలి?

జవాబు: లెన్సు కొనకండి. పక్కలకు అంతగా పరుచుకున్న మర్రిని అల్ట్రా వైడ్‌తో దూరం నుంచి తీస్తే, పైన సగం ఆకాశం, కింద సగం నేల, మధ్యలో ఆకుపచ్చని పట్టీ ఒకటి వస్తాయి. 2018లో కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి చీడ మందు ఎక్కించిన చెట్టు అది, ఊడల మధ్యకు వెళ్లనివ్వకపోతే వైడ్ లెన్సుకు ఉన్న అసలు ప్రయోజనం కూడా పోతుంది. కెమెరాతో వచ్చిన కిట్ లెన్సునే 24 మి.మీ. దగ్గర ఉంచి, కెమెరాను నిలువుగా పట్టుకుని, ఫోకస్‌ను, ఎక్స్‌పోజర్‌ను మాన్యువల్‌లో స్థిరపరచి, ఒక్కొక్క ఫోటో ముందు ఫోటోతో మూడో వంతు కలిసేటట్టు ఎడమ నుంచి కుడికి వరుసగా తీసి, కంప్యూటరులో అతికించండి. గాలి లేని ఉదయం వేళ వెళ్లండి. ఆకులు కదిలితే అతుకుల దగ్గర కొమ్మలు రెండేసి కనిపిస్తాయి.